కీబోర్డులో పిల్లి

"సార్, ఇది కీబోర్డు కాదు. కీబోర్డు వేషం వేసుకున్న దొంగ" అన్నాడు మెకానిక్, ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని.

"కాకమ్మ కథలొద్దు. చూసింది చెప్పు" అన్నాడు అవతల చీఫ్.

పట్టపగలు. వీధి నిండా హారన్లు. ఆ ఇరుకు రిపేర్ షాపులో మెకానిక్ ముందు ఒక గేమింగ్ కీబోర్డు పొట్ట విప్పుకుని పడుంది. ఊడదీసిన మీటలన్నీ ఒక సాసర్లో ఉన్నాయి. కీబోర్డు పైభాగంలో అరచెయ్యంత డిస్‌ప్లే స్క్రీన్, అందులో ముడుచుకుని నిద్రపోతున్న కార్టూన్ పిల్లి.

"మనం టైప్ చేసేదంతా ఇది దాచుకుంటుంది సార్. పాస్‌వర్డులతో సహా. లోపల మైక్ కూడా ఉంది. ఎవరిదో ఒక గొంతు నేర్పించి పెట్టారు. ఆ గొంతు 'ఆట మొదలు' అంటే పిల్లి కళ్లు తెరుస్తుంది, దాచుకున్నదంతా దానంతటదే టైప్ చేసేస్తుంది. కీబోర్డు పగలగొట్టినా లాభం లేదు. అసలు బుర్ర కేబుల్ చివరున్న ప్లగ్గులో పెట్టారు."

"ఎవరి గొంతు?"

"అదే చూస్తున్నా సార్... ఒక్క క్షణం, కస్టమర్ వచ్చినట్టున్నారు."

సీసా మూత తీసినంత చప్పుడు వినిపించింది. ఆ తర్వాత మెకానిక్ మాట్లాడలేదు. డిపార్ట్‌మెంట్ మనుషులు వెళ్లేసరికి అతను కౌంటర్ మీద వాలిపోయి ఉన్నాడు. మీటలు సాసర్లోనే ఉన్నాయి కానీ కీబోర్డు లేదు. ఏళ్ల తరబడి డిపార్ట్‌మెంట్‌కు నమ్మకమైన వేగుగా పనిచేసిన మనిషి. పెన్సిల్ ముల్లంత బుల్లెట్‌తో చంపేశారు.

*

చీఫ్ గదిలో ఏసీ తప్ప ఏదీ చల్లగా లేదు.

"కీబోర్డుకి స్క్రీన్ ఎందుకయ్యా? ఎదురుగా అంత పెద్ద మానిటర్ పెట్టుకుని, కింద ఇంకోటా?" అంటూ చీఫ్ విరుచుకుపడ్డాడు, ఆ కీబోర్డును కనిపెట్టింది ఎదురుగా కూర్చున్నవాడే అన్నట్టు.

ఎదురుగా కూర్చున్నది జిగురు. అది డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు. ఒక కేసుకు అంటుకుంటే ఊడి రాడని. ఇంట్లోవాళ్లకు మాత్రం అతను మంటలార్పే సిలిండర్లు అమ్ముకునే సేల్స్‌మన్. అత్తవారింట అతనికి ఏపాటి మర్యాద దక్కేదో వేరే చెప్పాలా?

"ఇది డామినో ముఠా పని" అన్నాడు చీఫ్. "సరిహద్దు అవతల నుంచి నడుపుతున్నారు. ఒక ఆన్‌లైన్ గేమింగ్ పోటీ పెట్టారు. బహుమతిగా ఇలాంటి కీబోర్డులు రెండు ఇచ్చారు. ఒకటి రిపేరుకొచ్చి మనవాడి ప్రాణం తీసింది. రెండోది ఎక్కడుందో చూడు."

చీఫ్ ఒక ఫోటో తోశాడు. టేబుల్, మానిటర్లు, మధ్యలో రంగురంగుల దీపాలతో వెలుగుతున్న కీబోర్డు. కింద 'డ్యూటీలో నా కొత్త ఆయుధం' అని రాసి ఉంది. గేమర్లకు ఇదో జబ్బు. కొత్త వస్తువు కొంటే ముందు టేబుల్ సర్ది, ఫోటో తీసి, ఊరంతటికీ చూపించుకోకపోతే నిద్ర పట్టదు. ఈ మహానుభావుడు చూపించింది మాత్రం డ్యామ్ కంట్రోల్ రూమ్‌ని. బయటి వస్తువు ఒక్కటి కూడా లోపలికి రాకూడని గదిని.

ఫోటో అంచున సగం కనిపిస్తున్న ముఖాన్ని చూడగానే జిగురు ఫోటోను కళ్ల దగ్గరకు లాక్కున్నాడు.

"నీ బావమరిదే" అన్నాడు చీఫ్. "గేట్ల ఆపరేటర్. వానలకి రిజర్వాయర్ అంచుదాకా ఉంది. గేట్లన్నీ ఒకేసారి లేస్తే దిగువనున్న ఊరు మిగలదు. ఆ ఊళ్లో నీ ఇల్లు కూడా ఉందనుకుంటా."

"ఉంది సార్. మా ఆవిడ ఇంట్లోనే ఉంది."

"ఫోన్ చేసి ఖాళీ చెయ్యమనకు. ఊళ్లో గుసగుస పుడితే డామినో జాగ్రత్తపడుతుంది. కీబోర్డు మీద కూడా చెయ్యి వెయ్యకు. అది ఎవరి గొంతు కోసం కాచుకునుందో నాకు కావాలి. లోపల మన మనిషి ఒకామె ఉంది. డామినో తనని వాళ్ల ఏజెంట్ అనుకుంటోంది. పేరు మెరుపు. గేమింగ్ షోల యాంకర్. నువ్వు కోడ్ చెబితే జవాబిస్తుంది, సాయం చేస్తుంది."

"మా బావమరిది సంగతేంటి?"

"వాడు మోసపోయిన వెధవో, అమ్ముడుపోయిన వెధవో నాకు తెలీదు. ఒక్క గేటు కదిలినా ముందు వాణ్ణి కాల్చెయ్. చుట్టరికం తర్వాత చూసుకుందాం."

జిగురు పళ్లు బిగించి లేచాడు. అతనికి బావమరిదంటే పడదు. బావమరిదికి అతనంటే అసలే పడదు. అయినా కాల్చడమంటే వేరే మాట కదా.

*

ఫైర్ సేఫ్టీ ఆడిటర్ వేషం. మెడలో ఐడీ కార్డు, మూతి మీద అతికించిన మీసం, చేతిలో ఎర్ర సిలిండర్. ఆ సిలిండర్లో ఉన్నది మంటలార్పే నురగ కాదు. తాకిన క్షణంలో గట్టిపడి మనిషిని ఎక్కడివాణ్ణి అక్కడే బిగించేసే నురగ. డిపార్ట్‌మెంట్ ల్యాబ్ వాళ్లు దానికి జిగురు పేరే పెట్టి తెగ నవ్వుకున్నారు.

కంట్రోల్ రూమ్ పెద్దదేం కాదు. గోడ నిండా గేట్ల మ్యాప్, ఒక్కో గేటుకు ఒక్కో ఎర్ర దీపం. అద్దాల అవతల నిండు రిజర్వాయర్. కంప్యూటరూ, పవర్ కట్టేసే స్విచ్చీ మూలనున్న ఉక్కు బీరువాలో తాళం వేసి ఉన్నాయి. టేబుల్ మీద పాత ఆఫీసు కీబోర్డు ఒక పక్కకు నెట్టేసి ఉంది. మధ్యలో ఏటవాలుగా గేమింగ్ కీబోర్డు. దాని స్క్రీన్‌లో పిల్లి నిద్రపోతోంది.

ఆపరేటర్ తలెత్తాడు. ఒక్క చూపు చాలింది.

"బావా! ఏంటా మీసం? సిలిండర్లు ఎవరూ కొనట్లేదని ఇప్పుడు దొంగ వేషాలేస్తున్నావా?"

"మెల్లగా మాట్లాడరా. ఆడిట్ చెయ్యడానికొచ్చాను."

"నువ్వు ఆడిటేంటి? మా అక్క గొంతు కోశావు, ఇప్పుడు నా ఉద్యోగం మీద పడ్డావా? సెక్యూరిటీని పిలవమంటావా?"

"ముందు ఈ కీబోర్డు లోపలికెలా తెచ్చావో చెప్పు."

ఆపరేటర్ ముఖం కందగడ్డలా అయింది. "వేరే కీబోర్డు మీద నా వేళ్లు పోవు. బ్రేక్‌లో కాసేపు ఆడుకుంటాను. ఇన్‌ఛార్జ్ గారే బీరువా తీసి ప్లగ్గు పెట్టనిచ్చారు. నీకేం నొప్పి?"

ఎంత అరిచినా పిల్లి కదల్లేదు. జిగురు అది గమనించాడు. వీడి గొంతు కాదు. ఒళ్లు మండుతున్నా మనసు కాస్త తేలికపడింది.

అప్పుడే తలుపు తెరుచుకుంది. షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ ముఖం వెలిగిపోతోంది. వెనకాల వెండిరంగు జాకెట్టు, చేతిలో మైక్, నడకలోనే సగం ప్రోగ్రాం నడిపేసే ఠీవి. మెరుపు.

"ఛాంపియన్‌తో ఇంటర్వ్యూ అట" అన్నాడు ఇన్‌ఛార్జ్. "పెద్దాఫీసు పర్మిషన్ ఇచ్చింది."

ఆమె మాట్లాడకుండా చిరునవ్వుతో తలూపింది. ఇన్‌ఛార్జ్ చేతిలో ఒక చీటీ పెట్టింది. కింద వ్యానులో మేకప్ వేస్తారని, ముందు ఆయన ఇంటర్వ్యూ తీస్తారని అందులో ఉంది. ఇన్‌ఛార్జ్ జుట్టు సవరించుకుంటూ పరుగెత్తాడు. బీరువా తాళంచెవి ఆయన నడుముకే ఉంది.

జిగురు సిలిండర్ తుడుస్తున్నట్టు నటిస్తూ కోడ్ చెప్పాడు. "ఈ మెట్లెక్కేసరికి మోకాళ్లు పట్టేశాయండీ."

ఆమె ఒక్క క్షణం తటపటాయించింది. కోడ్‌కు జవాబివ్వకపోతే అనుమానం, ఇస్తే గొంతు విప్పాలి. తప్పక విప్పింది.

"లిఫ్టుందిగా, దిగేటప్పుడు వాడండి" అంది.

జవాబు అక్షరం పొల్లుపోలేదు. కానీ స్క్రీన్‌లో పిల్లి చెవి టక్కున నిక్కింది.

పిల్లి కాచుకున్నది ఈ గొంతు కోసమేనని జిగురుకు తెలిసిపోయింది. ఇంతసేపూ ఆమె నోరెందుకు విప్పలేదో అర్థమైంది. మెకానిక్ షాపుకొచ్చిన కస్టమర్ ఎవరో కూడా అర్థమైంది. చీఫ్ తన మనిషి అనుకుంటున్నాడు. డామినో కూడా అలాగే అనుకుంటోంది. చీఫ్ అనుకున్నదే తప్పు.

జిగురు సిలిండర్ పైకెత్తాడు. ఆమె మైక్ ఎత్తింది. సీసా మూత తీసినంత చప్పుడు. బుల్లెట్ అతని భుజంలో దిగింది, సిలిండర్ చేతిలోంచి దొర్లిపోయింది.

"ఆట మొదలు" అంది మెరుపు, స్టూడియోలో చెప్పినంత తియ్యగా.

పిల్లి కళ్లు తెరిచింది. ఆకుపచ్చగా.

మానిటర్ మీద అక్షరాలు వాటంతటవే పడటం మొదలైంది. ఒకటో గేటు. పాస్‌వర్డు. ఓకే. గోడ మీద ఒక ఎర్రదీపం పచ్చగా మారింది. అద్దాల అవతల ఏదో మూలిగింది, నీళ్ల హోరు వినిపించింది.

"అయ్యయ్యో, నేనేం ముట్టుకోలేదు! ఏంటిది బావా?" ఆపరేటర్ పైప్రాణాలు పైనే పోయాయి. కేబుల్ పట్టుకుని శక్తి కొద్దీ లాగాడు. అది తెగి చేతికొచ్చింది. ప్లగ్గు బీరువాలోనే ఉండిపోయింది, టైపింగ్ ఆగలేదు.

గేటు కదిలింది. చీఫ్ ఆర్డర్ జిగురు చెవిలో గింగురుమంది. ఎడమ చెయ్యి దానంతటదే నడుమునున్న పిస్టల్ మీదికి పోయింది. తీశాడు. తన తలకు గురిపెట్టిన ఆ గొట్టాన్ని చూసి ఆపరేటర్ కొయ్యబారిపోయాడు.

"కాల్చండి సార్" అంది మెరుపు, మైక్ అడుగుభాగం తిప్పి కొత్త బుల్లెట్ ఎక్కించుకుంటూ. "మీ చీఫ్ చెప్పిందదేగా. ద్రోహి చచ్చాడని రిపోర్ట్ రాసుకోవచ్చు, నేనూ సాక్ష్యం చెబుతాను."

ఇంత సాయం చెయ్యాలని ఆమెకెందుకు? ఆపరేటర్ బతికుంటే ఆమెకేదో ఇబ్బంది. ఆ ఇబ్బంది ఏమిటో జిగురుకు తెలీదు. తెలుసుకునే తీరిక కూడా లేదు. పిస్టల్ ఆమె వైపు తిప్పాడు.

"ఒరేయ్, దీన్ని ఎలా ఆపాలి? త్వరగా ఆలోచించరా!"

"నన్నడిగితే... పాస్‌వర్డు తప్పు పడాలి! వరసగా మూడుసార్లు తప్పితే సిస్టం లాకైపోయి గేట్లన్నీ మూసేస్తుంది!"

"అయితే తప్పు కొట్టు!"

"కొడుతున్నది నేను కాదు కదా!" అని అరిచి, అంతలోనే ఆగిపోయాడు. పక్కకు నెట్టేసిన ఆఫీసు కీబోర్డు కనిపించింది. దాని కేబుల్ కూడా బీరువాలోకే పోతోంది. ఒకే కంప్యూటర్, రెండు కీబోర్డులు.

దొంగ ప్లగ్గు రెండో గేటు పాస్‌వర్డు కొడుతోంది. ఆపరేటర్ పాత కీబోర్డును లాక్కుని బ్యాక్‌స్పేస్ మీద వేలు ఆడించాడు. గేమ్‌లో ట్రిగ్గర్ నొక్కీ నొక్కీ కాయ కాచిన వేలది. అది ఒక అక్షరం కొడితే వీడు రెండు చెరిపాడు. మానిటర్ మీద 'తప్పు' అని వెలిగింది.

మెరుపు మైక్ ఆపరేటర్ వీపుకు గురిపెట్టింది. జిగురు కాల్చాడు. ఎడమ చెయ్యి, గురి ఎక్కడికో పోయింది. రెండోసారి నొక్కితే పిస్టల్ ఇరుక్కుపోయింది. దాన్ని తిట్టి పారేసి, ఎగిరి ఆమె మీద పడ్డాడు. ఇద్దరూ కుర్చీతో సహా నేల మీద దొర్లారు. ఆమె మడమతో అతని గాయం మీద తొక్కింది. అతను పచ్చి బూతొకటి తిట్టాడు కానీ మణికట్టు వదల్లేదు.

"రెండోసారి తప్పింది బావా! ఇంకొక్కటి!"

"మాట్లాడకుండా కొట్టరా!"

"నువ్వు నాకు చెప్పకు!"

మైక్ పేలింది. బుల్లెట్ ఆపరేటర్ చెవి రాసుకుంటూ పోయి మానిటర్ మూలను పగలగొట్టింది. చెవి నుంచి నెత్తురు కారుతున్నా అతని వేలు ఆగలేదు. జిగురు కాలితో సిలిండర్ను దగ్గరకు లాక్కుని మీట మీద మోచెయ్యి వేశాడు. బుస్సుమంటూ నురగ చిమ్మింది. మెరుపు మైకూ, జాకెట్టూ, నేలా ఒకే గడ్డై బిగుసుకుపోయాయి. జిగురు చెయ్యి కూడా అందులోనే ఇరుక్కుంది.

 మూడోసారి కొడుతున్న పాస్‌వర్డులో ఆఖరి అక్షరం పడబోతోంది. ఆపరేటర్ వేలు ఠకీమని దిగింది.

'తప్పు. సిస్టం లాక్ అయినది.'

పచ్చదీపం ఎర్రగా మారింది. బయట గేటు మళ్లీ మూలుగుతూ కిందికి దిగింది. నీళ్ల హోరు సన్నబడి ఆగిపోయింది. పిల్లి ఉన్న స్క్రీన్ కేబుల్ తెగినప్పుడే ఆరిపోయింది. నేల మీద ఒక ఆడమనిషి సరిహద్దు అవతలి భాషలో తిడుతున్న తిట్లు మాత్రం ఆగలేదు.

"వీడు బతికుంటే వేలు ఆడిస్తాడని నీకు ముందే తెలుసు, అవునా?" అన్నాడు జిగురు.

ఆమె అతని ముఖం మీద ఉమ్మింది. అంతకన్నా మంచి జవాబు అక్కర్లేదనిపించింది.

*

నురగ కరిగించే మందు తెచ్చేసరికి చీఫ్ కూడా వచ్చాడు. మెరుపును తీసుకుపోతుంటే ఆమె ముఖం చూడలేక గోడ మీది మ్యాప్ చూస్తూ నిలబడ్డాడు. ఇన్‌ఛార్జ్ మేకప్‌తోనే ఏడుస్తున్నాడు. ఆపరేటర్‌ను సస్పెండ్ చేశారు. విచారణ అయ్యేదాకా కీబోర్డు అన్నది ముట్టుకోకూడదట.

"గేటు కదిలింది" అన్నాడు చీఫ్, జిగురు వైపు తిరక్కుండానే. "ఆర్డర్ పాటించలేదు. రాసి పెడతాను."

"రాయండి సార్."

డ్యామ్ మెట్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. ఒకడికి చెవికి కట్టు, ఇంకొకడికి భుజానికి. దిగువన ఊరి కప్పులు ఎండకు మెరుస్తున్నాయి. అందులో ఏదో ఒక కప్పు కింద ఇద్దరికీ కావలసిన మనిషి బట్టలు ఆరేసుకుంటూ ఉంటుంది. ఆ ఆలోచన రాగానే జిగురు కళ్లు చెమర్చాయి. నొప్పి వల్ల అన్నట్టు భుజం సర్దుకున్నాడు.

"అంటే, సిలిండర్లు అమ్మడం అంతా అబద్ధమా?" అన్నాడు ఆపరేటర్.

"అక్కతో అనకు."

ఆపరేటర్ చెవి కట్టు సవరించుకున్నాడు. తర్వాత నేల చూస్తూ అడిగాడు.

"గేటు కదిలితే నన్ను కాల్చమన్నారు. కదిలింది. నా తలకే గురిపెట్టావు. ఎందుకు కాల్చలేదు బావా?"

జిగురు లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

"నిన్ను కాల్చెయ్యాలని పెళ్లైన దగ్గర్నుంచీ నాకు ఉండేదిరా. తీరా గవర్నమెంటు పర్మిషన్ ఇచ్చేసరికి సరదా చచ్చిపోయింది."