పసుపు మరక పడ్డ ఆటీను ఏడు

"ఆ గ్లాసు తియ్యండి!"

ఫెర్గస్ టామ్సిన్‌తో అన్న మొట్టమొదటి మాట అది. హలో లేదు, పేరేమిటని అడిగింది లేదు. ఊరి ఆస్పత్రికి కొత్తగా వచ్చిన నర్సు కదా అని అతని మేనత్త నెట్టా పోకర్ ఆటకి పిలుచుకొస్తే, ఆ అమ్మాయి కూర్చుంటూనే చల్లటి గ్లాసు తెచ్చి పేక పక్కన పెట్టింది.

"పెడితే ఏమవుతుంది? రాణిగారికి జలుబు చేస్తుందా?"

"అది మా తాత పేక. తడవకూడదు."

"మీ తాత మిమ్మల్ని కూడా ఇలాగే తడవకుండా పెంచారా?"

ఆటలో నాలుగోవాడైన ముసలి క్లెమ్ పగలబడి నవ్వాడు. ఫెర్గస్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ ఎరుపు తగ్గకముందే అతను ప్రేమలో పడిపోయాడు. ఆ సంగతి అతనికి తెలియడానికి మాత్రం ఇంకో నెల పట్టింది, పాపం.

ఇది ఏడు నెలల కిందటి మాట. సముద్రపుటూరు స్టాన్లీలో నెల మొదటి శుక్రవారం సాయంత్రం ఈ నలుగురూ ఒకరింట్లో చేరతారు. డబ్బు ఊసు ఉండదు, నెట్టా అత్త డబ్బాలోని పాత గుండీలతోనే పందేలు. ఎవరిల్లయితే వాళ్ళదే తిండీ తాగుడూ. ఆట ముగిసేసరికి ఎవరి దగ్గర ఎక్కువ గుండీలుంటే, వచ్చే నెల ఎవరింట్లోనో వాళ్ళే చెప్పాలి. తన ఇల్లు తాను చెప్పుకోకూడదు. పేరు పడ్డవాళ్ళు కాదనకూడదు.

ఇన్ని నెలల్లో టామ్సిన్ ఇంటి పేరు ఎవరూ ఎత్తలేదు. ఆమెది తాత్కాలిక ఉద్యోగం, పోస్టాఫీసు వెనక అద్దె గది. వెళ్ళిపోయే మనిషి ఇంటిని వచ్చే నెలకి ఎలా చెబుతారు? ఇప్పుడు ఉద్యోగానికి రమ్మని లాన్సెస్టన్ పట్నం పెద్దాసుపత్రి నుంచి ఉత్తరం కూడా వచ్చింది. సోమవారానికల్లా జవాబు రాయాలి.

అందుకే ఈ శుక్రవారం తనింట్లో జరిగే ఆటలో గెలిచి తీరాలనుకున్నాడు ఫెర్గస్. గెలిచి, 'వచ్చే నెల టామ్సిన్ ఇంట్లో' అనాలి. అంతకంటే సూటిగా చెప్పే ధైర్యం అతనికి లేదు. పడవలకు చెక్క పని చేసే ఆ చేతులకున్న నేర్పులో వీసమెత్తయినా నోటికి లేదు.

ఆట చూస్తే అంతంత మాత్రం. మంచి ముక్క పడితే మొహం వెలిగిపోతుంది, చెడ్డది పడితే వాడిపోతుంది. కానీ వడ్డనలో మాత్రం అతనికి సాటి లేరు. బల్ల మీదికి పొడివే వస్తాయి. వేయించిన బాదం పప్పులు, పుల్లలు గుచ్చిన చీజ్ ముక్కలు, ఉప్పు బిస్కెట్లు. ప్రతి కుర్చీ పక్కనా గ్లాసు కోసం చిన్న పీట, తడిగుడ్డ. క్లెమ్‌కి అల్లం సోడా, డాక్టరు మందు మాన్పించాడు గనక. నెట్టా అత్తకి చిన్న గ్లాసుడు తియ్యటి వైను. టామ్సిన్‌కి చిక్కటి టీ, ఆస్పత్రి నుంచి ఫోనొస్తే పరుగెత్తాలి కదా. జిడ్డు వంటలేవైనా ఏడు గంటల విరామంలో వంటింట్లో నిలబడి తినాల్సిందే. ఈ రోజు ఆ వంట, స్కాలప్ పై: పసుపుపచ్చటి కూరపొడి వేసి, సముద్రపు గుల్లల మాంసం పిండిలో కూరి కాల్చింది. అది టామ్సిన్‌కి ప్రాణం.

బయట జనవరి వేసవి తుంపర. సముద్రం మీద వెలుగు ఇంకా పోలేదు. కిటికీలోంచి వచ్చే ఆ లేత వెలుతురులో గుండీలన్నీ ముత్యాలేమో అనిపిస్తున్నాయి. టామ్సిన్ ఆరు గంటలకు తడిసి ముద్దయి వచ్చింది.

"పొద్దుటి నుంచీ మెతుకు ముట్టలేదు. ఆ వాసన ఏమిటి? నన్ను చంపుతావా ఏంటి నువ్వు?"

"విరామం ఏడింటికి," అన్నాడు క్లెమ్ గంభీరంగా.

ఫెర్గస్ లేచి వెళ్ళాడు. పళ్ళెంలో వేడి పై తెచ్చి, తాత పేక పక్కనే, ఆమె ముందు పెట్టాడు.

నెట్టా అత్త కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

"ముప్ఫయ్యేళ్ళలో నాకెప్పుడూ ఈ భాగ్యం లేదురా," అన్నాడు క్లెమ్.

"నువ్వెప్పుడూ తడిసి రాలేదుగా," అంది అత్త.

పై తింటూ, ఫెర్గస్ వంక చూస్తూ, టామ్సిన్ పరధ్యానంగా పేకముక్క అందుకుంది. మరుసటి ఆటలో అదే ముక్క ఫెర్గస్ చేతికొచ్చింది. ఆటీను ఏడు. వెనక పసుపుపచ్చగా బొటనవేలి మరక. తుడిస్తే ఇంకా ఇంకింది. నోరు విప్పితే తప్పు ఆమె మీదికి వెళుతుంది, పళ్ళెం తెచ్చింది తానేనాయె. అందుకని నోరు మూసుకున్నాడు. ఆ మరకని చూడకుండా ఉండటమే అతనికి ఆ సాయంత్రమంతా పెద్ద పని అయింది.

ఆఖరి ఆట. తలా అయిదు ముక్కలు. నాలుగు అందరికీ కనబడేలా, ఒకటి బోర్లా. క్లెమ్, అత్త తప్పుకున్నారు. ఫెర్గస్ ముందు రెండు జాకీలు. టామ్సిన్ ముందు నాలుగూ వరస కలవని చిన్న ఇస్పేట్లే. బోర్లా ఉన్నది కూడా ఇస్పేటైతే, అయిదూ ఒకే జాతి గనక గెలుపు ఆమెది. కాకపోతే ఫెర్గస్‌ది.

ఆమె తన గుండీలన్నీ మధ్యకు తోసేసింది.

"రా మరి. ధైర్యముందా?"

ఫెర్గస్ చూశాడు. బోర్లా ముక్క వీపు మీద పసుపుపచ్చటి బొటనవేలి మరక. ఆటీను ఏడు.

అంటే ఆమె దగ్గర ఏమీ లేదు. తను 'సరే' అంటే చాలు, గుండీలన్నీ తనవి. ఆరు నెలలుగా గొంతులో ఉన్న మాట బయటికొస్తుంది. సోమవారం లోపు ఇంకో శుక్రవారం లేదు. గుండీల మీద చెయ్యి వేశాడు, తీసేశాడు.

"నేను ఆడలేను," అన్నాడు.

"భయమా?"

"ఆ ముక్కేంటో నాకు తెలుసు. దాని మీద మరక ఉంది. పై ఇచ్చింది నేను, తప్పు నాదే. తెలిసి గెలిస్తే అది గెలుపు కాదు."

టామ్సిన్ కళ్ళు పెద్దవి చేసి చూసింది. తర్వాత రెండు చేతులతో మొహం కప్పుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఎవరికీ అర్థం కాలేదు.

"ఒరేయ్ మొద్దూ! ఆ వేలు నాది. ఆ మరక నాకు తెలీదనుకున్నావా? నువ్వు దాన్ని చొక్కా చేతికేసి రుద్దడం కూడా చూశాను."

"మరి తెలిసి కూడా అన్నీ ఎందుకు పెట్టావు?"

"నువ్వు గెలవాలని! ప్రతి నెలా గుండీలు లెక్కపెట్టుకుని నా వంక చూసి నిట్టూరుస్తావు. నీ మొహం చదవడానికి బడికెళ్ళాలా? నేను గెలిచి ఏం లాభం, నా ఇల్లు నేను చెప్పుకోకూడదాయె."

తుంపర ఆగింది. కిటికీ అద్దం మీది నీటి చుక్కలన్నిట్లో వెలుగు నిండింది. ఆరు నెలలుగా తను ఒక్కడే కలగంటున్నాననుకున్నాడు ఫెర్గస్. అంత సంతోషం అతనెన్నడూ ఎరగడు.

"మరక ముక్కతో ఆడిన ఆట చెల్లదు," అంది నెట్టా అత్త. "ఎవరి గుండీలు వాళ్ళు తీసుకోండి." అవి సర్దేసరికి అందరికంటే ఎక్కువున్నది అత్త దగ్గరే. "సరే, చెప్పే హక్కు నాదే. దాన్ని మా మేనల్లుడికిస్తున్నాను. నోరు తెరవరా. మీ తాత ఉంటే ఈ పాటికి నీ వీపు మీద ఒకటిచ్చేవాడు."

ఫెర్గస్ టామ్సిన్ వైపు తిరిగాడు.

"వచ్చే నెల... టామ్సిన్ ఇంట్లో." ఆమె కళ్ళలోకి చూశాడు. "ఆ తర్వాతి నెల కూడా ఇక్కడే ఉండు. ఆ తర్వాత కూడా. నువ్వంటే నాకు ప్రేమ."

క్లెమ్ అల్లం సోడా గటగటా తాగేశాడు.

"నా గదిలో రెండే కుర్చీలున్నాయి," అంది టామ్సిన్ మెల్లగా.

"ఇంకో రెండు నేను చేస్తాను."

"వంట?"

"పై చెయ్యడం నేర్పిస్తాను. కానీ విరామంలోనే, వంటింట్లోనే."

ఆమె మరక ముక్క తీసి చొక్కా జేబులో వేసుకుంది. తర్వాత బల్ల మీదుగా చెయ్యి చాచి, గుండీలన్నీ చెల్లాచెదురవుతున్నా లెక్కచెయ్యకుండా అతని చెయ్యి పట్టుకుంది.

"సోమవారం ఉత్తరంలో ఏం రాస్తావు పిల్లా?" అంది అత్త.

"ఇంకేం రాస్తానత్తా? నెల మొదటి శుక్రవారాలు నాకు తీరిక ఉండదని రాస్తాను."