పైనుంచి గీసిన తోట

"ఈ తోట గీసినాయన అందుల ఎన్నడూ ఎండకు నిలబడి ఉండడు," అంది వేదిక మీది అమ్మాయి.

ఆడిటోరియం నవ్వింది. తెర మీద ఉన్నది నా తోట. పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీ ముందు నేను వేయించిన పచ్చిక, వరసగా నిలబడ్డ పామ్ చెట్లు. అది నాదని ఎవరికీ తెలియకపోయినా నా చెవులు వేడెక్కాయి.

కంది దగ్గర జరుగుతున్న ఈ ల్యాండ్‌స్కేప్ డిజైన్ సదస్సుకు ఒకే ఒక్క ఆశతో వచ్చాను. చాలా కాలంగా నా చేతికి కొత్త గీత రావడం లేదు. ఒకే తోటను ఫ్యాక్టరీ ఫ్యాక్టరీకీ పంచిపెడుతున్నాను. ఇక్కడా లోపల ఏదీ కదలకపోతే, సోమవారం నుంచి సంగారెడ్డిలో మా బాపు విత్తనాల దుకాణంలో కూర్చుంటానని ఆయనకు మాటిచ్చాను.

టీ విరామంలో ఆమె ఎదురైంది. మెడలోని కార్డు మీద తేజస్విని అని ఉంది.

"ఆ తోట నాదే," అన్నాను.

ఆమె చేతిలోని బిస్కెట్ విరిగి టీలో పడింది. "అయ్యో! సారీ అండి. కానీ మీ పేరైతే తియ్యలే కదా!"

"పేరు తియ్యలే. పరువు తీసిండ్రు."

ఆమె నవ్వు ఆపుకోవాలని చూసింది. కుదరలేదు. "ఒక్కటి అడుగుత, గుస్సా కావద్దు. ఆ తోటల మీరు ఎన్నడన్న కూసున్నరా?"

తోటల్ని నేనెప్పుడూ పైనుంచే గీశాను. కాగితం మీద చెట్టంటే ఒక సున్నా. దాని కింద ఎవరో ఉంటారన్న ఊహ నా చేతికి లేదు. మనుషుల్ని కూడా అంత ఎత్తు నుంచే చూస్తూ వచ్చానేమో.

"లేదు."

"అయితే పోదాం పాండ్రి. మధ్యాహ్నం సెషన్ ఎట్లైనా బోరే."

నా బండి మీద వెళ్ళాం. లారీల మధ్య ఆమె ఏదో చెబుతూనే ఉంది. గాలి సగం మాటలు ఎత్తుకుపోయింది. మిగిలిన సగాన్ని నేను జాగ్రత్తగా దాచుకున్నాను.

అది భోజనాల వేళ. నా పచ్చిక ఖాళీగా మెరుస్తోంది. కార్మికులు గేటు బయట, ఆగిన లారీల నీడలో డబ్బాలు విప్పుకున్నారు. మేము వెళ్ళి పచ్చిక మీద కూర్చోగానే ఒకామె కేకేసింది.

"ఓ సారూ! లేవుండ్రి, సూపర్‌వైజర్ ఒర్లుతడు! అది సూసెతందుకే, కూసునెతందుకు కాదు!"

"తోట ఏసింది ఈ సారే, అక్కా!" అంది తేజస్విని, నన్ను పట్టిస్తూ.

"గట్లనా? మరి మాకు నీడకు ఒక్క చెట్టన్న ఏయకపోతివి బిడ్డా!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వు ఇంకా ముఖం మీద ఉండగానే వాన మొదలైంది.

పామ్ చెట్లు వానను ఏమాత్రం ఆపలేదు. ఎవరో నా లోపల ఒక దీపం వత్తి ఎగదోసినట్టయింది. జేబులోని సదస్సు కరపత్రం తీసి, దాని వెనక గీయడం మొదలుపెట్టాను. ఈసారి పైనుంచి కాదు, కూర్చున్న చోటు నుంచి. గుబురుగా ఒక కానుగ చెట్టు, దాని కింద పొడవాటి అరుగు, అన్నం డబ్బాలతో మనుషులు. సిరా తడిసిపోకుండా తేజస్విని తన చున్నీని కాగితం మీద పందిరిలా పట్టింది. ఆ చిన్న నీడలో ఆమె ఊపిరి, నా గీత, వాన చప్పుడు కలిసిపోయాయి.

ఫోన్ మోగింది.

"ఏంరా విఘ్నేశ్, సోమవారం వస్తున్నవా?"

"రాను బాపూ."

"ఎతుకబోయింది దొరికిందారా?"

"దొరికింది."

"మంచిది. అయితే జల్దీ ఇంటికి రా, వానల తడువకు," అని బాపు ఫోన్ పెట్టేశాడు.

తేజస్విని చున్నీ అంచు కిందనుంచి నా కళ్ళలోకి చూసింది. "ఏం దొరికింది? తోటనా?"

"తోట కూడా."

ఆమె చున్నీ అంచును నా తల దాకా చాపింది. తర్వాత మెల్లగా, మొదటిసారి 'నువ్వు' అంటూ అంది:

"జెర ఇటు జరుగు. నువ్వొక్కడివే తడువకు."