బూడిదోడి పెంకు

వీధి పొడవునా సాగదీసిన నూలు పోగుల పడుగుకు గంజి పట్టించి, పుల్లన్న నీళ్లు తాగడానికి లోపలికి పోయాడు. నూలు ఆరేదాకా కాపలా కాయాల్సింది అతని కూతురు, పదేళ్ల గిడ్డమ్మ. పక్క వీధిలో పిల్లలు అచ్చనగాయలు ఆడుతున్నారు. గిడ్డమ్మ మనసంతా అక్కడే ఉంది.

"రేయ్ ఎర్రోడా, ఈడ్నే కూసో. మేకలొస్తే తోలు," అని కుక్కకు చెప్పి చక్కా పోయింది.

కుక్కకు కాపలా అప్పగించడం ఆ ఇంట్లో కొత్త కాదు. బూడిదోడు ఉన్నన్నాళ్లూ ఆ పని వాడిదే. పాడుబావిలో పడి అరుస్తుంటే పుల్లన్న తాడేసి దిగి పైకి తెచ్చిన కుక్కపిల్ల వాడు. గిడ్డమ్మ పుట్టిన ఏడాది మాట అది. అప్పటినుంచి రోజూ పడుగు కొసన పడుకునేవాడు. మేకను రానిచ్చేవాడు కాదు. పుల్లన్న ఊరికి పోతే తిరిగొచ్చేదాకా ముద్ద ముట్టేవాడు కాదు. నెల కిందట ముసలితనంతో పోతే ఇంటి వెనక పూడ్చారు.

ఇక మిగిలినవి రెండు. చుక్క అనే కుక్కకు మగ్గం గుంట పక్కన నిద్రపోవడం తప్ప ఇంకో పని తెలియదు. ఎర్రోడికి ఏడాది వయసు, ఆకలెక్కువ.

గిడ్డమ్మ తిరిగొచ్చేసరికి ఎర్రోడు పడుగు కింద దూరి గంజి నాకుతున్నాడు. ముప్పై పోగులదాకా తెగి వేలాడుతున్నాయి. అవి యుద్ధం రోజులు. నూలు కంట్రోలులో తూచి ఇచ్చేవాళ్లు. పుల్లన్న బయటికొచ్చి చూసి తల పట్టుకున్నాడు.

"ఈడ కాపలా ఎవరే?"

"ఎర్రోడు, నాయనా. ఈడు పనికి రాడు. బూడిదోడైతే గంజి దిక్కు సూసేవోడే కాదు."

"అయితే ఎల్లుండి కోసిగి సంతకు తోలకపోయి ఆడ్నే ఇడిసొస్తా."

తప్పు తనదని చెప్పడానికి గిడ్డమ్మకు నోరు రాలేదు.

రాట్నం దగ్గర కూర్చున్న అవ్వ చౌడమ్మ అంతా వింది. "పొద్దున ఈనికి సంగటి పెట్టినావా?" అని అడిగింది.

గిడ్డమ్మ తల దించుకుంది. కుక్కలకని అమ్మ ఇచ్చేది రెండు ముద్దలు. ఒకటి చుక్కకు వేసి, రెండోది బూడిదోణ్ణి పూడ్చినచోట, వాడు తిన్న కుండ పెంకులోనే పెడుతోంది. బూడిదోడంటే ప్రాణం ఆ పిల్లకు. నెల రోజులుగా ఆ ముద్ద కాకులు తింటున్నాయి. ఎర్రోడికి ఎంగిలి విస్తర్లే గతి.

"బూడిదోడు పుట్టుకతోనే బుద్ధిమంతుడనుకున్యావా?" అంది అవ్వ. "రెండు పడుగులు నాకి పాడుచేసినోడు. నిన్ను ఒళ్లో ఏసుకొని ఏడాదంతా వాని పక్కన కూసున్యా. ముందు కడుపుకు పెట్టి, ఆనెంక పడుగు కాడికి పిలిచేదాన్ని. ఆకలిగొన్న కుక్కకు గంజి వాసన తగిల్తే ఏం చేస్తాది?"

సాయంత్రందాకా గిడ్డమ్మ తండ్రి పక్కన కూర్చుని తెగిన పోగులు ఏరి అందించింది. ఆఖరి ముడి పడ్డాక, "నాయనా, నేను ఆటకు పోయినా. వానికి కూడు గూడా పెట్టలేదు," అంది.

మరునాడు పొద్దున గిడ్డమ్మ ఇంటి వెనక్కి పోయి బూడిదోడి పెంకు తీసింది. కాకి రెట్టలు పోయేదాకా తోమి కడిగింది. సంగటి ముద్ద అందులో పెట్టి ఎర్రోడి ముందుంచింది. వాడు తిన్నాక, పడుగు కొసకు పిలిచి పక్కనే కూర్చుంది.

గంజి పట్టిస్తున్న పుల్లన్న ఆ ఇద్దర్నీ చూశాడు. "రేపు సంతకు నేనొక్కన్నే పోతాలే," అన్నాడు.

పక్క వీధి నుంచి పిల్లలు రెండుసార్లు పిలిచారు.

"నూలు ఆరినాక వస్తా," అని గిడ్డమ్మ ఎర్రోడి వీపు మీద చెయ్యి వేసింది.