ఈదన్న పట్టిన తాడు

విడిపోదామని నిశ్చయమయ్యాక, ఇంట్లో సామాన్లు పంచుకుంటుంటే మంజరి తాతగారి ఇనప్పెట్టె అడుగున ఆ పటం దొరికింది. తాతగారు ఒకప్పుడు నల్లమలలో వెదురు నరికించే చోట గుమాస్తా. పాత గుడ్డ మీద సిరాతో గీసిన వాగు, నిట్టనిలువు కొండ, కొండ నడుమ గుహ, గుహలో బిందె. సారథీ మంజరీ ఒక్క మాట మీద నిలబడి ఏడాదయింది. కలిసి వెళ్ళి వెతకడానికి మాత్రం ఇద్దరూ వెంటనే ఒప్పుకున్నారు. బంగారమంటే అంతే మరి. దొరికింది చెరిసగం, తిరిగొచ్చాక కాగితాల మీద సంతకాలు.

వీపుల మీద సంచులతో రెండు రోజులు నడిచి, అరికాళ్ళు పొక్కులెక్కాక, పెంట అని పిలిచే చెంచుల గూడెం చేరారు. మొత్తం తొమ్మిది గుడిసెలు. తేనె దించే ఈదన్న, అతని భార్య చెవులమ్మ మీరెవరని కూడా అడక్కుండా లోపలికి పిలిచారు. ఇంట్లో ఉన్న ఒక్క కంబళీ మొగుడూ పెళ్ళాలకని ఇచ్చేసి, తాము నెగడు పక్కన ముడుచుకున్నారు. చదువుకున్న జంట ఆ కంబళికి చెరో అంచునా వీపులు తిప్పుకుని పడుకుంది.

పటంలోని కొండ ఈదన్నకి తెలుసు. తేనెపట్లు వేలాడే కొండ. పైనుంచి నారతాడు కట్టుకుని దిగాలి. కానీ తాడు తను పట్టనన్నాడు. ఎంతిస్తే పడతావని అడిగాడు సారథి. పట్నం బుద్ధి అడవికొస్తే మారుతుందా? ఈదన్న కోప్పడలేదు, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు.

“దిగినోడి పెళ్ళాం తోడబుట్టినోడే మా కాడ తాడు పడతాడు. సెల్లెలి గాజులు పోతయ్యని వాడికే బయం. నీ బామ్మర్ది యాడ?”

మంజరికి అన్నదమ్ములు లేరు. అయితే నువ్వే అన్నవి కావయ్యా అని చెవులమ్మ మొగుణ్ణి గదమాయించింది. ఈదన్న తను తింటున్న ఆకులోని సంకటి ముద్ద తీసి మంజరి ఆకులో పెట్టాడు. అంతటితో ఆమె చెల్లెలైంది. ఆ ముద్దని మాత్రం ఆమె తినకుండా ఆకు అంచుకి జరిపింది.

మర్నాడు ఎండ ఎక్కకముందే కొండ కొసకి చేరారు. చెవులమ్మ పచ్చాకు పొగ వేసింది. ఈదన్న తాడుని మద్దిచెట్టుకి ఒక చుట్టు చుట్టి, మిగతాది నడుముకి తిప్పి, మడమలు రాతి నెర్రెలో తన్నిపెట్టి కూర్చున్నాడు. సారథి అంచు దాటాడు. కింద లోయ నోరు తెరుచుకుని ఉంది. చాటలంత తేనెపట్ల పక్కనుంచి, ఊపిరి బిగబట్టి, గుహలోకి కాలు వేశాడు. గబ్బిలాలు మొహానికి కొట్టుకుంటూ బయటికి దూసుకుపోయాయి. లోపల మట్టిలో సగం కూరుకుపోయి ఇత్తడి బిందె! కదిపితే గలగలమంది. తువ్వాలుతో వీపుకి కట్టుకుని తాడు గుంజాడు.

సగం పైకొచ్చాడో లేదో, బిందె ఒక పట్టుకి తగిలింది. కొండంతా ఒక్కసారి హోరెత్తింది. తేనెటీగలు సారథిని చుట్టుముట్టి, పైకి లేచి ఈదన్న మీద పడ్డాయి. రెప్పల మీద, పెదాల మీద, మెడ మీద కుట్టాయి. తోలుకుందామంటే రెండు చేతులూ తాడు మీదే ఉన్నాయి. మంజరి చున్నీ విప్పి అతని తలకి చుట్టింది. తన అబద్ధానికి ఈ మనిషి చచ్చిపోతున్నాడనిపించింది.

“అన్నా, మేం విడిపోతున్నాం. నీకు చెప్పకుండా దాచాం.”

ఈదన్న వాచిన పెదాలతోనే అన్నాడు. “అది ఆయన పైకొచ్చినాక సెప్పు. ఇప్పుడు తాడు సేతిలో ఉంది.”

బరువుకి తాడు రాతి అంచున రాసుకుని పోగులు పోగులుగా తెగుతోంది. మంజరి బోర్లా పడుకుని కిందికి తొంగి చూసి, బిందె వదిలెయ్యమని అరిచింది.

“సగం నీది మంజరీ!” కిందనుంచి సారథి గొంతు.

“నా సగం నాకొద్దు. నువ్వు రా.”

సారథి తువ్వాలు ముడి విప్పాడు. తర్వాత బిందె రాయి మీదా రాయి మీదా మోగుతూ వెళ్ళి, ఆ మోత కూడా ఆగిపోయింది. మంజరి ఈదన్న వెనక చేరి, అరచేతుల తోలు లేచిపోయేదాకా తాడు లాగింది. సారథి అంచు మీదికి పాకగానే నలుగురూ పొగలోకి పడి పరిగెత్తారు.

ఈదన్న కళ్ళు నాలుగు రోజులు తెరుచుకోలేదు. అన్నాళ్ళూ వాళ్ళిద్దరూ పెంటలోనే ఉండిపోయారు. సారథి వాగునుంచి నీళ్ళు మోశాడు. చెవులమ్మ వెంట గడ్డలు తవ్వడానికి వెళ్ళాడు. చేతులకి గుడ్డలు చుట్టుకుని మంజరి అన్నకి సంకటి తినిపించింది. సారథి పైకొచ్చాక చెప్పవలసిన మాట ఆమె చెప్పలేదు, ఈదన్నా అడగలేదు.

ఐదో రోజు పొద్దున ఈదన్న రెప్పలు కాస్త విడ్డాయి. మొదట కనబడింది పొయ్యి దగ్గర ఆ ఇద్దరి పోట్లాట. పచ్చి కట్టెలు తెచ్చావని ఆమె, ఊదడం నీకు రాదని అతను. ఇద్దరి మొహాలకీ మసి, పొగకి కళ్ళమ్మట నీళ్ళు. ఒకరి చేతిలో గొట్టం ఇంకొకరు లాక్కుంటున్నారు.

ఈదన్న చప్పుడు చెయ్యకుండా మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.