బైండరమ్మ కొత్త ఫోను

ఆ ఉదయం కూడా ఫోను మోగింది, ఎత్తగానే చచ్చింది. బల్ల మీద సగం కుట్టిన పుస్తకం, వేళ్ళ నిండా జిగురు, చెవిలో నిశ్శబ్దం. వీధంతా బైండరమ్మ అని పిలిచే ఆవిడ ఫోనును బల్ల అంచుకేసి కొట్టింది. అది కళ్ళు తెరిచి, కంపెనీ బొమ్మ చూపించి, మళ్ళీ మూసుకుంది.

ఆ ఫోనుకి వెన్ను మీద గుడ్డ పట్టీ ఉంది. కంపెనీ వేసింది కాదు, ఆవిడే వేసింది. వెనక పలక ఊడి వస్తుంటే, చిరిగిన నిఘంటువుకి వేసినట్టే బైండింగు గుడ్డ కత్తిరించి, జిగురు పూసి, బరువు కింద ఒక పూట పెట్టి అతికించింది. ఛార్జింగు పెట్టే కన్నం దగ్గర మాత్రం చిన్న కిటికీ కోసింది. ఊళ్ళో బైండు చేసిన ఫోను అదొక్కటే.

మొదట అది కొడుకుది. వాడు బీమా ఆఫీసులో ఒక మెట్టు పైకెక్కి ఖరీదైన ఫోను కొనుక్కున్నాక చెల్లెలికి వచ్చింది. చెల్లెలికి కెమెరా నచ్చక తండ్రికి వెళ్ళింది. తండ్రికి బ్యాటరీ నచ్చక తల్లికి చేరింది. తల్లి తర్వాత ఇంకెవరూ లేరు. ఇళ్ళల్లో ఇదొక కాలువ. పైనున్న మళ్ళన్నీ తడుపుకుంటూ వచ్చి, చివరి మడికి బురద మిగులుస్తుంది. ఆ బురదకి కూడా థాంక్సు చెప్పించుకుంటారు.

కాఫీల దగ్గర ఆవిడ మాట తేల్చేసింది. "నేను ఫోను కొనుక్కుంటున్నాను. కొత్తది. నా బైండింగు డబ్బులతో."

కప్పులు గాల్లో ఆగిపోయాయి. కొడుకు ముందుగా తేరుకున్నాడు. ఏ ఫోనని అడిగాడు. ఆవిడ, తనకి పని పంపే ప్రెస్సు యజమానురాలి దగ్గర చూసి మెచ్చుకున్న ఫోను పేరు చెప్పింది. వాడి మొహం పుల్లటిది నమిలినట్టయింది. అది మధ్య రకానిదనీ, అటు చవకా కాదు ఇటు ఘనమూ కాదనీ, పై రకం ఫోనుల్లో ఉన్న కెమెరా, గాజు ఒళ్ళు, నీళ్ళలో మునిగినా బతికే గుణం దీంట్లో ఉండవనీ ఉపన్యాసం ఇచ్చాడు. ఆవిడ అంతా విని, తనకి కావలసింది చెప్పింది. చిరిగిన పుస్తకాలకి ఫోటో తీయాలి, ఖాతాదార్లు పంపిన ఫోటోలు కనపడాలి, సాయంత్రం దాకా చావకూడదు. పుస్తకాలు నీళ్ళలో బైండు చెయ్యరు.

ఫోను వచ్చింది. అసలు గొడవ అప్పుడు మొదలైంది.

ఆవిడ భర్త బల్బుల ఫ్యాక్టరీలో తనిఖీ ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. అక్కడ ఆయన్ని రిజెక్టుగారు అనేవాళ్ళు. బల్బుని చెవి దగ్గర ఊపి, వెలిగించి, ఆర్పి, వెంట్రుకంత పగులున్నా పక్కన పారేసేవాడు. రిటైరయ్యాక ఇల్లే ఆయనకి ఫ్యాక్టరీ అయింది. టమాటాలు, చీపుళ్ళు, పక్కింటి కాలింగ్ బెల్లు, కూతురి స్నేహితులు, అన్నీ ఆయన చేతిలో తప్పాయి. ఫోను పెట్టె గుమ్మం దాటగానే ఆయన అందుకున్నాడు.

"వారంలో నచ్చకపోతే వాపసు ఇవ్వచ్చట. అందాకా దీన్ని ఎవరూ వాడకూడదు. తనిఖీ కాని సరుకు ఖాతాదారు చేతికి ఇవ్వం, అది రూలు."

"ఖాతాదారు నేనేనండీ."

"అందుకే ఇవ్వట్లేదు."

పెట్టె ఆయన విప్పాడు. అద్దం మీది పలచటి పొర కూతురు పీకింది. ఆ పొర పీకడానికే కొత్త ఫోను కొనేవాళ్ళున్నారు లోకంలో, ఆ సుఖం పిల్ల ఎగరేసుకుపోయింది. మొదటి ఫోటో కొడుకు తీశాడు, తన ఖరీదు ఫోనుతో ఇంకోటి తీసి పక్కన పెట్టడానికి. ఎదురు వరసలోని మందుల షాపు బోర్డు మీద సన్న అక్షరాలు వాడి ఫోనులో చదవొచ్చు, దీంట్లో అలుక్కుపోయాయి. వాడు పోటీ గెలిచినవాడిలా తిరిగాడు. రోడ్డు దాటితే ఆ బోర్డు ఉత్త కళ్ళకే కనపడుతుందని బైండరమ్మ అంది. ఎవరూ వినలేదు.

కూతురు ఛార్జింగు చూసింది. దీనిది చకచకా ఎక్కుతోంది, అన్నయ్య ఫోనుది నత్తనడక అని ఎగతాళి చేసింది. కానీ కంపెనీ వాళ్ళు దీనికి కొత్త హంగులు రెండు మూడేళ్ళే పంపి చేతులు దులుపుకుంటారు, దానికైతే చాలా ఏళ్ళు పంపుతారు అని కూడా ఒప్పుకుంది. రిజెక్టుగారు ఫోను అంచుని చెంచాతో కొట్టి చూసి, ప్లాస్టిక్కు అని పెదవి విరిచాడు. ఫోను తెరవడానికి పిల్లలిద్దరూ తమ వేలిముద్రలు ఎక్కించాక, ఆయన కుడి బొటనవేలు పొడిగా ఎక్కించి చూశాడు, ఎడమ బొటనవేలు తడిపి ఎక్కించి చూశాడు. సగం చెవుడున్న ఆయన తల్లి స్పీకరు పరీక్ష తనకి కావాలని పంతం పట్టి, తనూ ఒక వేలు పెట్టించుకుని, తన చెల్లెలికి మొదటి కాల్ చేసింది. అవతల చెల్లెలి మొగుడూ పలికాడు. మగగొంతు బాగుందట, ఆడగొంతు మాత్రం రేకు డబ్బాలో గులకరాళ్ళలా ఉందట.

వారమంతా బైండరమ్మ గుడ్డ కట్టిన ఫోనునే బల్లకేసి కొట్టుకుంటూ గడిపింది. కొత్తది హాల్లో అందరి ఒళ్ళోనూ తిరిగింది.

గడువు ముగిసే రోజు పొద్దున హాల్లో సభ జరిగింది. కొడుకు తీర్పు చెప్పాడు. ఫోను చెడ్డది కాదు, కానీ అన్నింట్లోనూ సర్దుకుపోవడమే. దీన్ని వాపసు ఇచ్చేద్దాం. తను ఎలాగూ వచ్చే నెల కొత్త మోడల్ తీసుకుంటున్నాడు. ఇప్పుడు తన దగ్గరున్నది అమ్మకిచ్చేస్తాడు.

"రెండేళ్ళు వాడినా దీన్ని తలదన్నుతుందమ్మా. నీ డబ్బులు నీకే మిగుల్తాయి. నాకేమీ ఇవ్వక్కర్లేదు."

వాడు మంచివాడు. మనసులో కల్మషం లేదు. అదే తంటా. కల్మషం ఉంటే తిట్టి పారేయొచ్చు. తండ్రి తల ఊపాడు, తర్కంలో పగులు కనపడలేదని. కూతురు కూడా అన్నయ్య మాటలో న్యాయం ఉందంది.

బైండరమ్మ లేచింది. సోఫా మీది కొత్త ఫోను తీసుకుంది. పాతది ఆ పొద్దున లేవనే లేదు, తన సిమ్ము దీంట్లో వేసి ఉంచింది. లాయరు గుమాస్తా చిరిగిన రికార్డు పుస్తకం ఫోటో పంపాడు, అది చూసి పొద్దుటే జవాబు చెప్పాలి. బొటనవేలు ఆనించింది. ఫోను వణికింది, తెరుచుకోలేదు. మళ్ళీ ఆనించింది. మళ్ళీ వణికింది.

"అలా కాదే, ఇలా," అని భర్త చెయ్యి చాపి తన వేలు పెట్టాడు. తెరుచుకుంది. కొడుకు సరదాగా తనదీ పెట్టి చూపించాడు. కూతురిదీ తెరిచింది. వాలుకుర్చీలోంచి అత్తగారు వేలు చాపింది, ఆవిడకీ తెరుచుకుంది.

"నా వేలు కూడా ఎక్కించండి," అంది బైండరమ్మ.

కూతురు ఎక్కించబోయింది. ఫోను ఒప్పుకోలేదు. అయిదు వేళ్ళకే చోటుందనీ, కొత్తది కావాలంటే పాతదొకటి తీసేయమనీ అడిగింది. కొడుకుదొకటి, కూతురిదొకటి, అత్తగారిదొకటి, భర్తవి రెండు, ఒకటి పొడిది, ఒకటి తడిది. వేలు లేకపోతే కొట్టాల్సిన పిన్ను నంబరేమో ఆయన ఫ్యాక్టరీ టోకెను నంబరు.

ఇలాంటప్పుడు ఇళ్ళల్లో ఒక మాట అంటారు, ఇంత చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమా అని. చిన్న విషయం ఎప్పుడూ అవతలివాళ్ళదే అయి ఉంటుంది. రిజెక్టుగారు ఆ మాట అనడానికే నోరు తెరిచాడు.

"ఇంత చిన్న..."

"ఆగండి," అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "ఇది ఇంట్లో అందర్నీ గుర్తుపడుతోంది, కొనుక్కున్నదాన్ని తప్ప. పెట్టె మీరు విప్పారు. పొర అది పీకింది. మొదటి ఫోటో వాడిది, మొదటి కాల్ అత్తయ్యది. ఒరేయ్, నీ ఫోను మంచిదేరా, దీనికంటే మంచిదే. అయినా నాకొద్దు. అది నీది. నా చేతికొచ్చాక కూడా నీదే. ఇన్నేళ్ళూ మీరు వాడి వదిలేసినవే వాడాను, మంచివే ఇచ్చారు, కాదనను. నాకు మంచిది అక్కర్లేదు. నాది కావాలి."

భర్త మళ్ళీ ఏదో సర్దిచెప్పబోయాడు. వాలుకుర్చీ కిర్రుమంది.

"నోర్ముయ్‌రా," అంది అత్తగారు. ఆ చెవుడు ఎప్పుడుంటుందో ఎప్పుడుండదో ఎవరికీ తెలియదు. "ముందు నా వేలు తీసెయ్యి. నాకూ బతుకంతా మీ నాన్న విప్పిన పెట్టెలే."

ఒక్కొక్కటే తీసేశారు. భర్త రెండు వేళ్ళూ పోతుంటే ఆయన తన చేతుల్నే చూసుకున్నాడు. ఇప్పుడు ఫోను ఖాళీ. బైండరమ్మ కుడి బొటనవేలు ఆనించింది. మళ్ళీ ఆనించమంది ఫోను. ఆనించింది. వేలు శుభ్రం చేసుకోమంది. కడుక్కుని వచ్చింది. చూపుడు వేలు, మధ్య వేలు, ఎడమ చెయ్యి. దేన్నీ ఫోను నమ్మలేదు.

చవక సెన్సరని కొడుకు అన్నాడు. తనది వేరే రకం, శబ్ద తరంగాలతో గీతలు చదువుతుందని చెప్పి, తన ఫోను తెచ్చి గర్వంగా తల్లి వేలి కింద పెట్టాడు. అదీ చదవలేదు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ చదవలేదు. వారం పాటు సాగిన పోటీలో రెండు ఫోనులూ సమానంగా నిలిచింది అక్కడొక్కచోటే.

కూతురు తల్లి చెయ్యి కిటికీ వెలుతురులోకి తిప్పింది. బొటనవేలు చెంచా వీపులా నున్నగా ఉంది. కాగితం మడతపెట్టి, దారం లాగి, అట్ట రుద్ది, గీతలన్నీ అరిగిపోయాయి. రిజెక్టుగారు దగ్గరికొచ్చి కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు. పక్కన తన బొటనవేలు పెట్టాడు. అందులో సుళ్ళు అచ్చు గుద్దినట్టున్నాయి. గాజులో వెంట్రుకంత పగులు పట్టే మనిషి, ఇన్నేళ్ళ కాపురంలో ఈ చేతిని ఒక్కసారి వెలుతురులో పెట్టి చూడలేదు. కళ్ళద్దాలు తీసి తుడిచాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. తడి వేరే చోట ఉంది.

"చిటికెన వేలు చూడమ్మా," అన్నాడు కొడుకు నెమ్మదిగా.

ఆనించింది. ఫోను చిన్నగా మోగింది. ఇంకోసారి, ఇంకోసారి, ఎక్కేసింది.

"ఈ వేలు ఏ పనీ చెయ్యదు," అంది బైండరమ్మ, తనకే ఆశ్చర్యంగా. "పక్కకి నిలబడి చూస్తూ ఉంటుంది."

"మావాడిలాగా," అంది అత్తగారు.

ముందు కూతురు నవ్వింది, తర్వాత బైండరమ్మ. ఆవిడ నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. రిజెక్టుగారు తల్లి మాటకి ఒప్పుకున్నట్టు తల ఊపాడు.

మర్నాడు పొద్దున హాల్లో ఫోను కూసింది. ఎవరో ఫోటో పంపారు. రిజెక్టుగారు అలవాటు కొద్దీ తీసుకుని బొటనవేలు ఆనించాడు. ఫోను ఆయన్ని ఎవరో బిచ్చగాణ్ణి చూసినట్టు వణికి ఊరుకుంది. దాన్ని లోపలి గదిలోకి పట్టుకెళ్ళాడు. భార్య లాయరు గుమాస్తా పుస్తకం కుడుతోంది. విప్పిన కాగితాల మీద గుడ్డ కట్టిన పాత ఫోను బరువుగా కూర్చుని ఉంది, దాని బతుక్కి సరైన ఉద్యోగం దొరికినట్టు.

"నీకేదో వచ్చింది."

"చెయ్యి ఖాళీ లేదు. ఉండండి."

ఆయన ఉన్నాడు. రెండు చేతులతో ఫోను పట్టుకుని, బల్ల పక్కన, బల్బు పట్టుకున్నంత జాగ్రత్తగా. ఆవిడ దారం లాగింది, ముడి వేసింది, కొస కత్తిరించింది. తొందరపడలేదు.

"ఇంతకీ మీ తనిఖీ ఏమైంది?"

"బోర్డు చదవలేదు. ఆడగొంతు రేకు డబ్బా. ఒళ్ళు ప్లాస్టిక్కు." ఆయన గొంతు సవరించుకున్నాడు. "పాస్."

ఆ మాట ఆయన నోట ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ వినలేదు. బైండరమ్మ తలెత్తి ఆయన్ని ఒకసారి చూసింది. జిగురంటని చిటికెన వేలు చాపింది. ఫోను తెరుచుకుంది.