ఏడు ముళ్ళ మూట

కుట్టుమిషన్ పక్కన ఉండాల్సిన పెద్ద కత్తెర కనిపించలేదు. మొన్న దారాలు తెంపే చిన్న కత్తెర, నిన్న బ్లేడు, ఇవాళ ఇది... ఇంట్లో ఉన్నది ముగ్గురే. తను, కోడలు, పదిహేను రోజుల మనవరాలు. లారీ తోలే కొడుకు ఊళ్ళో లేడు. పసిగుడ్డు కత్తెర ఎత్తుకుపోదు కదా!

అత్తగారికి అనుమానం ముదిరింది. కోడలి తీరే అంతుబట్టడం లేదు. బిడ్డ ఏడిస్తే గోడవైపు తిరుగుతుంది. పాలు పట్టమంటే, "మీరే ఎత్తుకోండి అత్తయ్యా," అంటుంది. కన్నతల్లికి బిడ్డ బరువైందా? లేక మిషన్ చప్పుడు గిట్టక, పొమ్మనలేక పొగ పెడుతోందా? కాన్పు ఆపరేషన్ చేసిన చోట మంటగా ఉందని కోడలు అంటే ఆవిడే స్వయంగా చూసింది. ముప్ఫై ఏళ్ళుగా బట్టలు కుడుతున్న మనిషి! "కుట్టు పొందిగ్గా ఉందమ్మా, నీదంతా గారాబం," అని తేల్చేసింది.

కోడలి అలమరలో, పాత చీరల కింద మూట దొరికింది. ముడి మీద ముడి, ఏడు ముళ్ళు. విప్పేసరికి గోళ్ళు నొప్పెట్టాయి. లోపల కత్తెరలు, బ్లేడు. తెచ్చి కోడలి ముందు పెట్టింది.

"నేను ఇల్లు వదిలి వెళ్ళిపోవాలా? ఆ మాటేదో నోటితోనే చెప్పు."

కోడలు తల ఎత్తలేదు. "కాదత్తయ్యా... అవి కంటపడితే పాడు ఆలోచనలు వస్తున్నాయి. పాపని ఏం చేస్తానో, నన్ను నేను ఏం చేసుకుంటానో అని భయం... నేను అన్ని ముళ్ళూ విప్పేలోపు మీరు చూస్తారని కట్టా."

ఆవిడ దగ్గరికి జరిగింది. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. గుడ్డ తొలగించి చూసింది. కుట్టు వంకర లేకుండానే ఉంది, చుట్టూ ఎర్రగా వాచి చీము వాసన వేస్తోంది.

"ఎన్నాళ్ళయిందే తల్లీ?"

"నాలుగు రోజులు... కుట్టు బాగుందన్నారుగా, ఇంకేం చెప్పను?"

గంటలో ముగ్గురూ ఆసుపత్రిలో ఉన్నారు. చీము పట్టిందని డాక్టరమ్మ మంచం ఇచ్చింది. మనసుకి వచ్చింది కూడా జబ్బేనని, కాన్పయ్యాక చాలామందికి వస్తుందని, మందులతో తగ్గుతుందని చెప్పింది. డాక్టరమ్మ ఎదుట నిలబడి అత్తగారు ముద్దాయిలా విన్నది.

సాయంత్రం ఎవరో పెళ్ళి బట్టల కోసం ఫోన్ చేశారు. "నెల రోజులు మిషన్ ఎక్కనమ్మా. మా కోడలికి ఒంట్లో బాగాలేదు," అంది అత్తగారు.

గోడవైపు ఉన్న ముఖం ఇటు తిరిగింది. "పాపని నా దగ్గర ఉండనిస్తారా అత్తయ్యా?"

ఆవిడ బిడ్డని కోడలి పక్కన పడుకోబెట్టి, కుర్చీ మంచానికి ఆనేలా జరుపుకుంది.

"పాప నీ దగ్గర ఉంటుంది. నేను మీ ఇద్దరి దగ్గరా ఉంటాను."