సర్వరమ్మ

పొద్దున్నే మునిరత్నమ్మ రాగిపిండి జల్లిస్తోంది. మదనపల్లెలో చలికాలం పొద్దులు ఎట్లుంటాయో చెప్పే పని లేదు, పొయ్యి దగ్గర నిలబడ్డవాళ్లదే అదృష్టం. ఆ ఇంట్లో పొయ్యి దగ్గర చోటు ఆమె కాపురానికొచ్చిన నాటినుంచీ ఆమెదే. కోడలు మాలతి బడిలో పాఠాలు చెప్పడానికి పోవాలి, కొడుకు రాజేంద్ర టమేటా మండీకి పోవాలి, మనవరాలు నీలిమ బెంగుళూరు కంపెనీ పని ఇంట్లోనే కూర్చుని చేసుకోవాలి. ఎవరికి ఏది వేడిగా కావాలో, ఎవరు చట్నీలో కారం తక్కువ తింటారో ఆమె చేతికి తెలుసు. వడ్డించేటప్పుడు ఆమె మాటకు ఎదురు చెప్పేవాళ్లు ఆ ఇంట్లో లేరు.

నీలిమ ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని వచ్చి, వేయించిన చెనక్కాయ గింజలు గుప్పెడు తీసి నోట్లో వేసుకుంది.

"అవ్వా, ఈ పొద్దు మనింటికి సర్వర్ వస్తాది."

"సర్వరా? యాల?"

"యాలేంది? ఇంగ నువ్వు యా గదిలో కూర్చున్నా నీకు కావాల్సింది ఆడికే వస్తాది. ఎన్నాళ్లని లేస్తా కూర్చుంటా అవస్థ పడతావు?"

ఇంకో మాట అడిగేలోపల ఫోను మోగింది, పిల్ల గదిలోకి పోయింది.

మునిరత్నమ్మకు తెలిసిన సర్వర్లు హోటల్లో బకెట్ పట్టుకుని సాంబారు పోసేవాళ్లే. 'వస్తాది' అన్నది కాబట్టి ఈ వచ్చేది ఆడమనిషే అయ్యుండాలి. ఇంత చిన్న ఇంటికి వడ్డించడానికి సర్వరమ్మ ఎందుకు? మొన్న ఉప్మాలో ఉప్పు రెండు మాట్లు పడిన సంగతి నిజమే. దానికే మనిషిని పెడతారా?

అంతలో వాకిట్లో రాజేంద్ర గొంతు వినిపించింది. కుప్పంలో కాపురముంటున్న చెల్లెలు అంబికతో ఫోనులో మాట్లాడుతున్నాడు.

"సర్వర్ వచ్చేస్తే ఇంగ ఈడ పనేముంటాది అంబికా? చోటు గూడా ఇరుకైపోయింది. నీకు మిద్దె మింద గది ఖాళీగా ఉండాదంటివి కదా, ఆడ పెట్టుకో. వయసైపోయింది. ఒగ రోజు పలుకుతాది, ఇంగో రోజు పలకదు. ఆదివారం తెచ్చి దింపిపోతాలే."

జల్లెడ ఆగిపోయింది.

అట్లని మునిరత్నమ్మ ఏడుస్తూ కూర్చునే మనిషి కాదు. భర్త వెంకటముని పోయిననాడు కూడా వచ్చినవాళ్లందరి ఆకలి చూసిన మనిషి. సంగటి కెలికింది, ముద్దలు చేసింది, అందరికీ మామూలుగానే వడ్డించింది. రాజేంద్ర ఇంకో ముద్ద అడిగితే అది కూడా వేసింది. కొడుకూ కోడలూ పనులకు పోయాక, మనవరాలు తలుపేసుకున్నాక, సంచిలో చీరలు సర్దుకుని బస్టాండుకు నడిచింది. ఒకరు తెచ్చి దింపితే దిగేది సామాను. మనిషి తనంతట తానే దిగాలి.

పుంగనూరులో కుప్పం బస్సు కోసం దిగినప్పుడు ఎదురుగా హోటలు కనిపించింది. కాఫీ చెప్పి, సంచిలోంచి బటన్ల ఫోను తీసి కూతురికి చేసింది.

"అంబికా, నన్ను దింపే పని లేదని మీయన్నకు చెప్పు. నేనే వస్తాండా."

"నిన్ను దింపేదేంది మా? యాడుండావు?"

"పుంగనూరులో. కాఫీ తాగి బయల్దేరతా" అని పెట్టేసింది.

కాఫీ అయిపోయింది గాని కుప్పం బస్సు ఆలస్యమైంది. అది రాకముందే రాజేంద్ర మోటారు సైకిలు వచ్చి హోటలు ముందు ఆగింది. వెనక నీలిమ, తల కూడా దువ్వుకోలేదు. వాళ్లను చూడగానే మునిరత్నమ్మ ఇంకో రెండు కాఫీలు చెప్పింది.

"ఏందిమా ఇది? చెప్పకుండా యాడికి బయల్దేరినావు?"

"కుప్పానికి. ఆదివారం దాకా నీకెందుకప్పా శ్రమ? నా కాళ్లు ఇంగా పనిచేస్తాండాయి."

"ఆదివారమేంది?"

"తెచ్చి దింపిపోతానంటివే. ఈడ పని లేదు, చోటు లేదు, మిద్దె మింద గదిలో పెట్టుకోమంటివే. నాకేం చెవుడు రాలేదు."

రాజేంద్ర పక్కనున్న బెంచీ మీద కూలబడ్డాడు.

"అది నిన్ను గురించి కాదుమా. నాయన టేపురికార్డరును గురించి."

"మరి ఆ సర్వరమ్మ?"

"సర్వరమ్మ ఎవురవ్వా?" అని నీలిమ ఒక క్షణం బిత్తరపోయి, అర్థమయ్యేసరికి నవ్వు ఆపుకోలేకపోయింది. "మనిషి కాదు. చిన్న పెట్టె. దాన్నే సర్వర్ అంటారు. నిన్నటిదాకా నేను తాత క్యాసెట్లు పెట్టి ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకుంటాంటిని కదా, ఆ పాటలన్నీ ఇంగ దాంట్లో పెట్టేది. తీగ ఉండదు. వంటింట్లోకైనా, కుప్పంలో అత్త ఫోనుకైనా గాల్లోనే పాట వస్తాది. క్యాసెట్ తిప్పేదానికి నువ్వు లేచే పని ఉండదు."

"సర్వర్ అని పిలిచినారా అక్కా?" అంటూ కాఫీ కప్పులు పట్టుకున్నాయన వచ్చాడు.

నీలిమ ఇంకా నవ్వింది. రాజేంద్ర కూడా నవ్వాడు. మునిరత్నమ్మ నవ్వలేదు.

"అంత తేలిగ్గా ఎట్ల నమ్మినావుమా?" అన్నాడు కొడుకు. "నేను నిన్ను పంపిస్తానా?"

"నువ్వన్న మాటల్లో నాకు సరిపోనిది ఒగటి చెప్పు నాయనా. వయసైంది. ఒగ రోజు పలుకుతా, ఇంగో రోజు పలకను. అన్నీ సరిపోతాంటే నేను కాదని ఎట్ల అనుకునేది?" ఆమె గొంతు పెంచలేదు. "పలకదు అంటివి. పలకరిస్తే కదప్పా పలికేది."

రాజేంద్ర మొహంలో నవ్వు పోయింది.

"సరే, నేను కాదు. టేపురికార్డరే. అది మాత్రం ఎవురిది? మీ నాయన భజనలో పాడేటప్పుడల్లా దాని గుండీ నొక్కింది నేను. ఆయన గొంతు ఉండేది దాంట్లో. పంపే ముందర నన్ను ఒగ మాట అడిగినావా?"

'ఇంకొంచెం వెయ్యి, చాలు, నీళ్లియ్యి' తప్ప అమ్మతో ఇంకో మాట మాట్లాడి ఎన్నాళ్లయిందా అని రాజేంద్ర వెతుక్కున్నాడు. దొరకలేదు. మండీలో పదిమందిని గదమాయించే ఆ మనిషికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అడగలేదుమా. తప్పు నాదే. ఇంటికి పోదాం రా."

"పోదాం. ముందు కాఫీ తాగు, చల్లారిపోతాది" అని కప్పు అతని ముందుకు జరిపింది.

ఆ సాయంత్రం నీలిమ పెట్టెను అలమరలో పెట్టి పని మొదలుపెట్టింది. అసలు చిక్కు అక్కడే వచ్చింది. ప్రతి పాటకూ పేరు కావాలి, ఎవరు పాడారో, ఎక్కడ పాడారో కావాలి. క్యాసెట్ల మీద రాతలు ఎప్పుడో చెరిగిపోయాయి. పాట మొదలైతే చాలు, మునిరత్నమ్మ చెప్పేసింది. ఇది నిమ్మనపల్లెలో, ఆ రోజు వాన. ఇది పుంగనూరులో, తాళం వేసేవాడు మధ్యలో నిద్రపోయినాడు, వినండి, ఈడ తాళం ఉండదు. రాజేంద్ర కింద కూర్చుని ఒకదాని వెనక ఒకటి అడుగుతూనే ఉన్నాడు. మాలతి అన్నం వార్చి వచ్చి పక్కన చేరింది.

"పాటల మధ్య మాటలుండాయి అవ్వా. తీసేసేదా?"

"ఉండనీ. ఆయన మాటలే కదా." కొడుకు వైపు తిరిగింది. "ఇంగ ఆ రికార్డరును అంబికకే ఇచ్చి రా. ఇప్పుడు నేను చెప్తాండా. వాళ్ల నాయన వస్తువు దానికీ ఒగటి ఉండాల."

మరుసటి పొద్దు వంటింట్లో, ఉప్పు డబ్బా పక్కన పెట్టిన చిన్న స్పీకరులోంచి వెంకటముని పాడుతున్నాడు. మునిరత్నమ్మ అందరికీ సంగటి వడ్డిస్తోంది. పాట అయిపోయింది. తాళాలు ఆగాయి. చిన్న దగ్గు, ఆ వెనకనే ఆయన గొంతు.

"రత్నా, నీళ్లు తే."

ఆమె గరిటె వదిలేసి చెంబు ముంచి వెనక్కి తిరిగింది. తిరిగాక గాని తెలియలేదు. రాజేంద్ర తల దించుకున్నాడు.

అప్పుడే కుప్పంనుంచి ఫోను.

"మా, ఇప్పుడే నాయన పాట పెట్టుకున్నా. నాయన నీళ్లడిగినాడు." అంది అంబిక. "నేను లేచి, చెంబు పట్టుకోని నిలబడుకోనుండా."

మునిరత్నమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. చేతిలో చెంబు అట్లే ఉంది.

"కూర్చోమ్మా" అంది. "పిలిచింది నన్ను. ఈ ఇంటి సర్వరమ్మను నేనే."